రేడియేటర్లు ఖాళీ చేసిందెవరు

తొమ్మిది స్టూడ్‌బేకర్ లారీలున్నాయి, ఏ ఒక్కదాని రేడియేటర్‌లోనూ చుక్క లేదు.

ఆ సంగతి నాకు తెలిసేసరికే ఒక ఇంజన్ పోయింది. మా డ్రైవర్లలో అందరికన్నా నోరున్న ఫోమా గ్లుష్కో ఆ ఉదయం అందరికన్నా ముందు లేచి తన బండి స్టార్ట్ చేశాడు. ఇంజన్ వేడెక్కేదాకా పక్కనే నిలబడి పొగాకు చుట్టుకుంటున్నాడు.

"రుఫీనా ఆంద్రేయెవ్నా! మా ఆవిడ అంబలి మాడ్చినప్పటి వాసన వస్తోంది, ఓసారి చూడు!" అని అరిచాడు.

నేను పరుగెత్తి వెళ్లేలోపే ఇంజన్ కీచుమని బిగుసుకుపోయింది. రేడియేటర్ మూత తిప్పితే పొడి సెగ ముఖానికి కొట్టింది. లోపల తడి అన్నదే లేదు.

"ఎవరూ స్టార్ట్ చెయ్యొద్దు! తాళాలు ముట్టుకున్నవాడి చెయ్యి విరగ్గొడతాను!"

మిగిలిన ఎనిమిదింటి మూతలూ వరసగా తీశాను. అన్నీ ఎండిపోయాయి.

అది నలభై మూడు ఫిబ్రవరి. మాది ఫిరంగుల దళం, మరమ్మతుల బాధ్యత నాది. శరత్కాలం దాకా మా ఫిరంగుల్ని గుర్రాలే లాగేవి. బాంబులకు కొన్ని చచ్చాయి. మేత లేక మరికొన్ని చచ్చాయి. మిగిలినవాటిని మేమే తినేశాం. ఆ తర్వాత ఇరాన్ మీదుగా ఈ అమెరికా లారీలు వచ్చాయి. డ్రైవర్లు వాటికి స్టూడర్ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. మూడు ఇరుసులూ ఒక్కసారే తిరిగేవి. మోకాటిలోతు మంచులో ఫిరంగి, దాని మనుషులు, గుళ్ల పెట్టెలు అన్నీ ఒకే బండి మీద వెళ్లిపోయేవి. గుర్రాలతో రెండు మూడు రోజులు పట్టే దూరం ఒక పూటలో అయిపోయేది. దాంతో పైవాళ్ల మ్యాపుల మీద మా బాణం గుర్తులు పొడుగయ్యాయి. స్టూడర్లున్నాయి కదా, వెనకాలే వచ్చేస్తాయి కదా అనుకుని కాల్బలాన్ని ముందుకు తోసేయడం మొదలుపెట్టారు.

ఆ రోజూ అదే జరిగింది. మా కాల్బలం ముందురోజే ఓస్కోల్ నది దాటింది. వాళ్ల దగ్గర రైఫిళ్లు, కాసిని మోర్టార్లు తప్ప ఏమీ లేవు. జర్మన్ ట్యాంకులు వాళ్లను చీకటిపడేలోపు వెతుక్కుంటూ వస్తాయని అందరికీ తెలుసు. మా ఫిరంగులు ఆలోపే అక్కడ ఉండాలి. నదికి ఇరవై కిలోమీటర్లు.

"ఎవడో తాగేశాడు," అన్నాడు ఫోమా. "రేడియేటర్లలో నీళ్లకి బదులు పోసే ఆ గడ్డకట్టని అమెరికా రసం తియ్యగా ఉంటుందట. పక్క దళంలో ఇద్దరు తాగి కళ్లు పోయి చచ్చారు."

"తొమ్మిది బళ్లది తాగేశాడా? ఏనుగా?"

"ఏమో, మన వంటవాడి పొట్ట చూశావా?"

ఎవరూ నవ్వలేదు. సైన్యంలో ద్రోహుల్ని పట్టే ప్రత్యేక విభాగం సీనియర్ లెఫ్టినెంట్ కుర్దోవ్ అప్పటికే ఫోమా వెనక నిలబడి ఉన్నాడు. ఆయనకు పంటి నొప్పి. దవడ చుట్టూ ఆడవాళ్ల ఊలు శాలువా కట్టుకున్నాడు. ఆ వేషంలో ఇంకొకరైతే నవ్వొచ్చేది. ఆయన్ని చూసి నవ్వే ధైర్యం ఎవరికీ లేదు.

"అందర్నీ వరసలో నిలబెట్టండి," అన్నాడు.

ఒక్కొక్కరి నోటి దగ్గర ముక్కు పెట్టి చూశాడు. కళ్లు తెరిపించి చూశాడు. ఉల్లిపాయ, నాటు పొగాకు వాసన తప్ప ఏమీ తగల్లేదు. కడుపు నొప్పన్నవాడు ఒక్కడూ లేడు.

"తాగలేదన్నమాట. అయితే ఇది విధ్వంసమే," అన్నాడు దవడ పట్టుకుని, నా వైపు తిరిగి. "కామ్రేడ్ లదీగినా, నీ బళ్లు ఎప్పటికి కదులుతాయి?"

"మధ్యాహ్నానికి."

"దేంతో?"

"నీళ్లతో. మన బళ్లు నడవట్లేదా ఇన్నేళ్లుగా?"

"నీళ్లు గడ్డకడితే?"

"ఇంజన్ ఆగితేనే గడ్డకట్టేది. ఆగనివ్వను."

అన్నంత తేలికైన పని కాదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ చలిలో ఇనుము మీద ఉమ్మితే గాజుపెంకులా పడుతోంది. చల్లని ఇంజన్‌లో గోరువెచ్చటి నీళ్లు పోస్తే కిందికి దిగేలోపే గడ్డకట్టి ఇంజన్ దిమ్మ పగిలిపోతుంది. కుళాయి తెరిచిపెట్టి సలసలా కాగే నీళ్లు పోస్తూనే ఉండాలి. కింద వేడిగా కారేదాకా పోసి, అప్పుడు కుళాయి కట్టి మళ్లీ నింపాలి. అన్ని బళ్లకు సరిపడా కాగునీళ్లు ఎక్కడివి?

ఊళ్లో స్నానాల పాకలు మూడున్నాయి. ఫోమా వెళ్లి తలుపులు బాదాడు. ఉస్తీన్యా అనే పెద్దావిడ చేతిలో గరిటెతో బయటికొచ్చింది.

"ఏం నాయనా, యుద్ధం మానేసి స్నానాలా?"

"మాకు కాదు అవ్వా, మా గుర్రాలకి."

"అవి గుర్రాలా? గడ్డీ తినవు, పేడా వెయ్యవు. ఇప్పుడు వేన్నీళ్ల స్నానం కూడా కావాలా?" అని తిడుతూనే కట్టెలు తెచ్చింది. కాసేపటికి ఊళ్లో ఆడవాళ్లంతా వచ్చారు. పాకల పొగగొట్టాలు మూడూ ఒకేసారి పొగ చిమ్మాయి.

వాళ్లు మంచు కరిగిస్తుంటే నేను మొదటి బండి కిందికి దూరాను. రాత్రి కొత్త మంచు కురిసింది. దాన్ని చేత్తో తోసేస్తే అడుగున పాత మంచు జిగటగా, తడిగా తగిలింది. ముక్కుకు తియ్యటి వాసన కొట్టింది. ద్రవాన్ని ఎవరూ ఎత్తుకుపోలేదు, నేలపాలు చేశారు. ప్రతి బండి కిందా అంతే.

కుళాయిలు చూశాను. రేడియేటర్‌కి ఒకటి, ఇంజన్ దిమ్మకి ఒకటి. రెండూ బార్లా తెరిచే ఉన్నాయి. ముందు బంపర్ దగ్గర, ఇంజన్ తిప్పే హ్యాండిల్ దాని చోటులోనే దూర్చి ఉంది. బానెట్ల మీద కప్పే బొంతలు మాత్రం పసిపిల్లకి కప్పినట్టు నాలుగు పక్కలా బిగించి కట్టి ఉన్నాయి.

బండి కిందే వెల్లకిలా పడుకుని ఆలోచించాను. బండిని పాడుచెయ్యాలనుకున్నవాడు గుప్పెడు ఇసుక పోస్తాడు, లేదంటే పది వైర్లు తెంపుతాడు. వీడు అలా చెయ్యలేదు. ద్రవమంతా వదిలి, పంపులో మిగిలిన చుక్క కూడా పోవాలని హ్యాండిల్‌తో ఇంజన్‌ని నాలుగు తిప్పులు తిప్పి, చివరి బొట్టు గడ్డకట్టి అడ్డుపడకుండా కుళాయిలు తెరిచి ఉంచి, తిరిగి బొంత కప్పి వెళ్లాడు. మా దేశంలో బండి తోలే ప్రతివాడూ, నీళ్లు గడ్డకట్టి ఇంజన్ పగలకుండా, చలికాలం సాయంత్రం చేసే పనే ఇది. చెయ్యనివాడిని సైనిక ట్రిబ్యునల్ వదలదు.

ఇది బండిని చంపడానికి వచ్చిన చెయ్యి కాదు. కాపాడటానికి వచ్చిన చెయ్యి.

ఈ మాట చెబుదామని కుర్దోవ్ ఉన్న గుడిసెకి వెళ్లాను. లోపల నజార్ నిలబడి ఉన్నాడు. మా దళంలో వయసులో అందరికన్నా పెద్దవాడు, అందరం బాబాయ్ అంటాం. సాయంత్రం బళ్ల దగ్గర కాపలా అతనిదే. నడుముకి బెల్టు లేదు, తుపాకీ బల్ల మీద ఉంది.

"నీకు శ్రమ తప్పింది," అన్నాడు కుర్దోవ్ నాతో. "ఒప్పుకున్నాడు."

"ఏం ఒప్పుకున్నాడు?"

"నేనే వదిలాను," అన్నాడు నజార్ గోడ వైపు చూస్తూ. "మతిలేక. మన బళ్లే అనుకుని వదిలాను."

"బాబాయ్, ఎన్ని కుళాయిలు తిప్పావు?"

"బండికొకటి."

"తిప్పాక?"

"మళ్లీ కట్టేశాను. కట్టకుండా వదిలేస్తానా?"

కుర్దోవ్ కలం ఆపి నా వంక చూశాడు. ఆయన తెలివితక్కువవాడు కాదు. నా ముఖంలో ఏదో కనబడింది.

"బండికి రెండున్నాయి, రెండూ తెరిచే ఉన్నాయి," అన్నాను. "పైగా స్టేషన్ దగ్గర ఈ లారీలు అప్పగించిన ఇంజనీరు వారం రోజులు మాకు పాఠం చెప్పినప్పుడు ఈయన ముందు వరసలో కూర్చున్నాడు. ఇది నీళ్లు కాదు, వసంతం దాకా వదలొద్దు అని ఆయన చెబితే, 'అయితే ఇక సాయంత్రాలు పెళ్లాంతో గడపొచ్చు' అని అందర్నీ నవ్వించింది ఈయనే. మతిలేక వదిలాడంటే నేను నమ్మను."

"నువ్వు నమ్మనక్కర్లేదు. కాపలా ఇతనిది, ఒప్పుకున్నదీ ఇతనే. ఒక ఇంజన్ కాలిపోయింది, దళం ఆగిపోయింది. డివిజన్‌కి నేనొక పేరు చెప్పాలి." గొంతు తగ్గించాడు. "నాకు సరదా అనుకుంటున్నావా? నా స్లెడ్జి బండి మీ లారీలతోపాటే బయలుదేరుతుంది. ఈలోపు ఇంకో పేరు తెచ్చావా, ఇతన్ని వదిలేస్తాను. తేలేదా, ట్రిబ్యునల్‌కి తీసుకెళ్తాను. ఇలాంటివాటికి వాళ్లు వేసే శిక్ష ఏమిటో నీకు చెప్పనక్కర్లేదు."

రెండు నిమిషాలు మాట్లాడతానంటే ఒప్పుకుని, దవడ పట్టుకుని గుమ్మం బయటికి వెళ్లాడు.

"బాబాయ్, నా వైపు చూడు. ఎవరు చేశారు?"

"నేనే అని చెప్పాను కదే అమ్మాయ్. విసిగించకు."

"పాఠం విన్న డ్రైవరెవడూ ఆ కుళాయి ముట్టుకోడు. వినాల్సినవాళ్లందరూ విన్నారు. ఆ వారం మనతో లేనిది ఒక్కరే, మన దళపతి."

నజార్ నా మణికట్టు పట్టుకున్నాడు. ముసలాడి పట్టు ఇనుప చట్రంలా ఉంది.

"నోరు ముయ్యి. ఆయన నిన్న మధ్యాహ్నమేగా ఆసుపత్రి నుంచి వచ్చాడు. ముఖం చూశావా? పాలిపోయి సున్నం కొట్టిన గోడలా ఉన్నాడు. నేను ఫిరంగుల వైపు నుంచి తిరిగొచ్చేసరికి ఆఖరి బండి ముందు కూర్చుని చేతులు తుడుచుకుంటున్నాడు. 'మీ డ్రైవర్లు మొద్దునిద్ర పోతున్నారు నజార్, నేనే వదిలాను, రేపట్నించి చెవులు మెలిపెట్టు' అన్నాడు. ఏం చెప్పను? అప్పటికే అంతా నేలపాలైంది. సరే, ఈ పూటకి ఆయన్ని పడుకోనిద్దాం, పొద్దున్నే లేచి నీకు చెబుదాం, వేన్నీళ్లు పోసుకుందాం అనుకున్నాను. ఆ ఫోమాగాడు నాకన్నా ముందు లేచి చచ్చాడు."

"ఆయనకి తెలుసా?"

"తెలీదు. తెల్లారక ముందే ఊళ్లో దొరికిన గుర్రం మీద దారి చూడ్డానికి వెళ్లాడు. తెలియకూడదు. ఆ నది దగ్గర ఫిరంగులు ఎక్కడ దింపాలో, పిల్లల్ని ఎలా కాచుకోవాలో ఆయనకి తెలుసు. నాకేం తెలుసు? గుళ్లు మోయడం. నన్ను తీసుకెళ్లినా దళం నడుస్తుంది. ఆయన్ని తీసుకెళ్తే?"

బయటికొచ్చి నీళ్ల పని చూశాను.

ఆడవాళ్లు, సైనికులు బకెట్లు అందుకుంటూ గొలుసులా నిలబడ్డారు. పాకల నుంచి బళ్ల దాకా దారంతా ఆవిరే. నేను పోయమన్నప్పుడు పోస్తున్నారు, ఆపమన్నప్పుడు ఆపుతున్నారు. కింద పడుకున్న డ్రైవర్ "వెచ్చగా కారుతోంది!" అని అరవగానే కుళాయి కట్టించి నింపించాను. మొదటి స్టూడర్ దగ్గింది, తుమ్మింది, పట్టుకుంది. ఊరంతా హో అని అరిచింది. రెండోది అందుకుంది, మూడోది అందుకుంది. నాలుగోదానికి ఉస్తీన్యా స్వయంగా బకెట్ ఎత్తి పోసి, "తాగు తల్లీ, తాగి ఆ వెధవల్ని తరుము" అంది. చొక్కా చేతులు తడిసి, వెంటనే బిగుసుకుపోయి రేకుల్లా మోగుతున్నాయి. ఎవరూ ఆగలేదు.

ఎనిమిదీ నడిచాయి. కాలిపోయిన బండి తాలూకు ఫిరంగిని ఏం చెయ్యాలన్నది మిగిలింది. దాన్ని ఎనిమిదో బండి ఫిరంగి వెనక ఇనుప కడ్డీతో తగిలించాను.

"ఒక్క బండికి రెండా?" అన్నాడు ఫోమా. ఇంజన్ కాల్చుకున్న సిగ్గుతో ఉదయం నుంచి అతని నోరు సగం పడిపోయింది.

"లాగుతుంది. నువ్వే తోలు. దారిలో ఎక్కడా ఆపకు. ఎదురుగా దేవుడొచ్చి నిలబడ్డా హారన్ కొట్టు, అంతే."

"కొడతాను," అన్నాడు. ఈసారి హాస్యమాడలేదు.

అప్పుడే పడమటి దారి మీద గుర్రం కనిపించింది. మా దళపతి కెప్టెన్ షుబిన్. నేను ఎదురెళ్లి కళ్లెం పట్టుకున్నాను. చెప్పకూడదని నజార్ నన్ను బతిమాలాడు. కానీ చెప్పకపోతే నజార్ ట్రిబ్యునల్ ముందు నిలబడతాడు. చెబితే దళం తలలేకుండా నది దగ్గరికి వెళ్తుంది. ఈ రెండింటిలో ఏది తక్కువ చెడో తేల్చుకోవడం నా వల్ల కాలేదు. ఒకటి మాత్రం తెలుసు. అది తేల్చుకోవాల్సింది ఆయనే.

"ఇంకా ఎందుకున్నారు ఇక్కడ?" అన్నాడు గుర్రం మీంచే. "దారి బాగుంది. లోయ దగ్గర మాత్రం ఎడమకి తిప్పాలి. అవతల మనవాళ్లు మంచులో గోతులు తవ్వుకుని మన కోసం చూస్తున్నారు. ఒకడు నన్నడిగాడు, 'స్టూడర్లు ఎక్కడ కామ్రేడ్ కెప్టెన్, వినబడట్లేదే' అని. వెనకాలే వస్తున్నాయని చెప్పి వచ్చాను."

"లావ్ర్ దెమ్యానొవిచ్, నిన్న సాయంత్రం మీరు వదిలింది నీళ్లు కాదు."

చెప్పేశాను. ఆ ద్రవం సంగతి, ఇంజన్ సంగతి, కుర్దోవ్ సంగతి, బెల్టు లేకుండా నిలబడ్డ నజార్ సంగతి. గుర్రం దిగాడు. దిగుతున్నప్పుడు గాయమున్న వైపు చెయ్యి అదుముకున్నాడు.

"ఎన్ని నడుస్తున్నాయి?"

"ఎనిమిది. ఒకటి రెండు ఫిరంగులు లాగుతుంది."

"లాగుతుందా?"

"లాగుతుంది."

"మంచి బండి," అన్నాడు. "నిన్న ఏ కుళాయీ కిర్రుమనలేదు. కుళాయి తిప్పితే నూనెలా జారింది. అమెరికావాడి కుళాయిలు కూడా బాగున్నాయే అనుకున్నాను."

కళ్లెం నా చేతిలో పెట్టి గుడిసె వైపు నడిచాడు. నజార్‌ని అప్పుడే బయటికి తెస్తున్నారు. కుర్దోవ్ స్లెడ్జి గుమ్మం ముందు సిద్ధంగా ఉంది. షుబిన్‌ని చూడగానే నజార్ గొంతు చించుకున్నాడు.

"కామ్రేడ్ కెప్టెన్, మీరు లారీ ఎక్కండి! ఇది నా గొడవ! వెళ్లండి బాబూ, వెళ్లండి!"

"నజార్, బెల్టు పెట్టుకో. నీ ఫిరంగి దగ్గరికి పో," అన్నాడు షుబిన్. తర్వాత కుర్దోవ్ ముందుకెళ్లి టోపీ సర్దుకుని, పైఅధికారికి నివేదించేవాడిలా నిటారుగా నిలబడ్డాడు. హోదాలో మాత్రం షుబినే పెద్ద. ఇంజన్ల హోరులో అందరికీ వినబడేలా మాట్లాడాడు.

"రాసుకోండి, సీనియర్ లెఫ్టినెంట్. వదిలింది నేను. ఎవరూ చెప్పలేదు, ఎవరూ పురమాయించలేదు. చీకటిపడే వేళకి బళ్ల వరస వెంట నడవడం నాకు అలవాటు. నలభై ఒకటిలో మాస్కో దగ్గర నా దళంలో ప్రోఖర్ అని ఒక డ్రైవర్ ఉండేవాడు. రెండు రోజులు నిద్ర లేదు వాడికి. నీళ్లు వదలకుండా పడుకున్నాడు. పొద్దున్నకి ట్రాక్టర్ దిమ్మ పగిలింది, ఫిరంగిని జర్మన్లకి వదిలేసి వచ్చాం. వాణ్ణి ట్రిబ్యునల్‌కి పంపిన కాగితం మీద సంతకం నాది. కాల్చేటప్పుడు వాడు నా వైపే చూశాడు. అప్పట్నించి ఏ చలి సాయంత్రమూ నేను కుళాయిలు తడమకుండా పడుకోలేదు. నిన్నా తడిమాను. అన్నీ కట్టి ఉన్నాయి. తిట్టుకుంటూ ఒక్కొక్కటే తెరిచాను. ఇంకో ప్రోఖర్ ఉండకూడదని తెరిచాను. కొత్త బండి, ముందు ఎవరినైనా అడగాలి అన్న ఆలోచనే రాలేదు. అడగలేదు. నా తప్పు అంతే, అంతకన్నా తక్కువేమీ కాదు. తెలియక చేశాను అని ప్రోఖర్ అంటే నేను వినలేదు, కాబట్టి మీరూ వినొద్దు. ఒక్కటే అడుగుతాను. నేను ముందు లారీలో కూర్చుంటాను, మీరు నా పక్కన కూర్చోండి. ఫిరంగులు నది దాటి, మొదటి గుండు పేలాక నా పిస్తోలు మీ చేతిలో పెడతాను. అక్కడ మంచు గోతుల్లో ఉన్నవాళ్లకి వస్తున్నామని మాటిచ్చాను, అది తీరనివ్వండి. పేరు పూర్తిగా రాయండి. షుబిన్, లావ్ర్ దెమ్యానొవిచ్. తొమ్మిది బళ్లు, బండికి రెండు కుళాయిలు. అన్నీ ఈ చేత్తోనే తెరిచాను."